ఏకనామం, భిన్నరూపాలు: రావిచెట్టుకూ సముద్రపు నత్తకూ ఉన్న ఒకే పేరు

నామరూపాత్మకమైన ఈ జగత్తులో జీవుడు మొదట పట్టుకునేది నామాన్నే. రూపం కన్నులకు ఎదురుగా లేనప్పుడు కూడా నామం నాలుకపై ఉంటుంది. వస్తువు నశించిన తరువాత కూడా నామం మిగులుతుంది. అందుచేతనే బృహదారణ్యకోపనిషత్తు ఈ సమస్తాన్నీ నామం, రూపం, కర్మ అనే మూడింటిగా విభజించి చూపింది. నామం విషయంలో కలిగే భ్రాంతి కనుక అల్పమైనది కాదు. ఒక పేరు విని ఒక వస్తువును గ్రహించవలసిన చోట వేరొక వస్తువును గ్రహిస్తే, ఆ దోషం వైద్యంలో ప్రాణహాని, పూజలో వైకల్యం, వేదాంతంలో బంధం.

ఈ నామవిచారానికి ఆధునిక జీవశాస్త్రం ఒక అపూర్వమైన దృష్టాంతాన్ని అందిస్తున్నది. పరస్పర సంబంధమే లేని ఒక వృక్షానికీ ఒక జంతువుకూ అక్షరం తేడా లేకుండా ఒకే లాటిన్ పేరు ఉండడం అందులో దోషంగా పరిగణింపబడదు. దీనిని చూసి నవ్వేవారు ఉన్నారు, ఆక్షేపించేవారు ఉన్నారు. సాధకుడు మాత్రం దీనిని విచారించవలసి ఉన్నది.

విషయం

గోదావరి డెల్టాలోని నిడదవోలు వంటి పట్టణంలో రావి, మర్రి, మేడి చెట్లు తెలియని భక్తుడు ఉండడు. శాస్త్రజ్ఞుల భాషలో అశ్వత్థం ఫైకస్ రెలిజియోసా, న్యగ్రోధం ఫైకస్ బెంగాలెన్సిస్, ఉదుంబరం ఫైకస్ రాసిమోసా. మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. విష్ణుసహస్రనామంలో న్యగ్రోధ, ఉదుంబర, అశ్వత్థ అనే మూడు నామాలు వరుసగా రావడం పారాయణ చేసేవారికి తెలిసినదే. ఋషి ఒకచోట చేర్చిన మూడు వృక్షాలను స్వీడన్ దేశపు లిన్నేయస్ కూడా 1753లో ఒకే ప్రజాతి కింద చేర్చాడు.

నిడదవోలు కూడలి వద్ద చీలి భీమవరం మీదుగా సాగే రైలుమార్గం నరసాపురంలో ముగుస్తుంది. అక్కడికి బంగాళాఖాతం ఎంతో దూరం కాదు. ఆ బంగాళాఖాతంలోనూ, ఇతర ఉష్ణమండల సముద్రాలలోనూ అడుగున ఉన్న ఇసుకలో సంచరించే ఒక నత్తల ప్రజాతి ఉన్నది. పలుచని గుల్ల, ఒకవైపు ఉబ్బి మరొకవైపు సన్నగిల్లిన ఆకారం, చూడగానే అంజూరపు పండు గుర్తుకు వస్తుంది. దాని శాస్త్రీయ నామం కూడా ఫైకస్. 1798లో రోడింగ్ అనే జర్మను పండితుడు ఆ పేరు పెట్టాడు. అశ్వత్థం వేళ్లూని నిలిచే స్థావరం, నత్త కదిలే జంగమం. రెంటికీ ప్రజాతి నామం ఒకటే.

ఆశ్చర్యం ఇక్కడితో ఆగలేదు. ఫైకస్ వేరియెగేటా అనే పూర్తి ద్వినామమే రెండు జీవులకు ఉన్నది. ఒకటి రోడింగ్ పేర్కొన్న నత్త. రెండవది భారతదేశం నుండి ఆస్ట్రేలియా వరకు పెరిగే, కాండం మీదనే గుత్తులుగా కాయలు కాసే అత్తిజాతి వృక్షం. దానికి ఆ పేరు పెట్టినవాడు బ్లూమ్, సంవత్సరం 1825. పేరు మాత్రమే విన్నవానికి చెట్టు చెప్పబడుతున్నదో నత్త చెప్పబడుతున్నదో నిర్ణయించే ఉపాయం లేదు.

ఇటువంటి జంటలు వెయ్యికి మించి ఉన్నాయి. మోరస్ అంటే పట్టుపురుగులకు మేతగా వేసే మల్బరీ. మోరస్ అంటే చలిసముద్రాలలో చేపల కోసం నిటారుగా దూకే ఒక పక్షి కూడా. క్లోరిస్ అంటే డెల్టాలో బాటల వెంట వేళ్లవంటి ఊదారంగు కంకులతో పెరిగే గడ్డి. క్లోరిస్ అంటే హిమాలయాలలో కనిపించే పసుపుపచ్చని పిట్ట కూడా. లాక్టేరియస్ అంటే బంగాళాఖాతంలో దొరికే ఒక చేప. కోస్తే పాలు కార్చే పుట్టగొడుగు కూడా. అరెనేరియా అంటే శీతకాలంలో ఆంధ్రతీరానికి వలస వచ్చి రాళ్లను తిరగవేస్తూ పురుగులను ఏరుకునే పక్షి. పర్వతప్రాంతాలలో ఇసుకనేలను ఆశ్రయించే చిన్న మొక్క కూడా. డ్రాకంక్యులస్ అంటే ఒకప్పుడు ఆంధ్రదేశంలోనూ జనులను బాధించిన నారికురుపు పురుగు. మధ్యధరా ప్రాంతపు కందజాతి మొక్క కూడా. ఆ వ్యాధి నుండి భారతదేశం విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరంలో ధ్రువీకరించింది. మొక్క మాత్రం తన పేరుతో తాను సుఖంగా ఉన్నది.

దీనికి కారణం సరళమైనది. వృక్షాల నామకరణానికి ఒక సంహిత, జంతువుల నామకరణానికి మరొక సంహిత. మొదటిది ప్రధానంగా లిన్నేయస్ 1753 నాటి గ్రంథాన్ని ఆరంభంగా గ్రహిస్తుంది. రెండవది 1758 నాటి గ్రంథాన్ని గ్రహిస్తుంది. ఒక్కొక్క సంహిత తన పరిధిలో కఠినం. ఆస్ట్రేలియాలోని బాతుముక్కు జంతువుకు 1799లో ప్లాటిపస్ అని పేరుపెట్టారు. ఆ పేరును 1793లోనే ఒక పేడపురుగుల వంటి కవచం గల కీటకానికి ఇచ్చి ఉన్నారు. రెండూ జంతువులే కనుక తరువాతి పేరు చెల్లలేదు. దానిని ఆర్నితోరింకస్ అనవలసి వచ్చింది. అదే ఒక చెట్టుకూ ఒక జంతువుకూ మధ్య అయితే ఏ అభ్యంతరమూ లేదు. రెండు సంహితలూ పరస్పరం స్వతంత్రాలు.

లిన్నేయస్ స్వయంగా ఈ సాంకర్యాన్ని ఇష్టపడలేదు. జంతుశాస్త్రంలో ముందే ఉన్న పేర్లను వృక్షాలకు వాడరాదని ఆయన 1751 నాటి ఫిలాసఫియా బొటానికాలో నియమం చెప్పాడు. అనంతర కాలం ఆ నియమాన్ని పాటించలేదు. సమస్త జీవులకూ ఒకే సంహిత ఉండాలని 1990 దశకంలో బయోకోడ్ అనే ముసాయిదా వచ్చింది. అదీ అమలులోకి రాలేదు. లక్షలాది పేర్లను కదిలించడం వలన కలిగే కల్లోలం కంటే ఉన్న సాంకర్యమే మేలని లోకం భావించింది.

పూర్వపక్షాలు

ఈ విషయంపై రెండు పూర్వపక్షాలు వినవస్తాయి. రెండూ భక్తుల మధ్యనే తిరుగుతూ ఉండడం గమనార్హం.

మొదటిది: ఆధునిక శాస్త్రంలో ఒక వస్తువుకు ఒకే పేరు, ఒక పేరుకు ఒకే వస్తువు, భారతీయ నిఘంటువులలో ఒక పదానికి పది అర్థాలు, కనుక భారతీయ పదసంపద శాస్త్రయోగ్యం కాదు. దీనికి సమాధానం పైన చెప్పిన దృష్టాంతాలలోనే ఉన్నది. పుండరీక శబ్దానికి తెల్లతామర, పెద్దపులి అనే రెండర్థాలూ ఉండడం, కదళి శబ్దం అరటికీ ఒక జింకకూ చెల్లడం దోషమైతే, ఫైకస్ శబ్దం రావికీ నత్తకూ చెల్లడం కూడా దోషమే. అమరసింహుడు నానార్థాలను దాచిపెట్టలేదు. తృతీయకాండలో వాటికి ప్రత్యేకంగా ఒక వర్గమే కేటాయించాడు. సాంకర్యాన్ని గుర్తించి, పట్టిక కట్టి, హెచ్చరించడం శాస్త్రలక్షణమే.

రెండవ పూర్వపక్షం మొదటిదాని కంటె ప్రమాదకరం, ఎందుకంటే అది వేదాంతం వేషం ధరిస్తుంది. శాస్త్రవేత్తల పేర్లలోనే ఇంత గందరగోళం ఉన్నది కనుక వారి విద్య అంతా వ్యర్థమని అది మొదలుపెడుతుంది. నామరూపాలు మిథ్య అని ఉపనిషత్తు చెప్పింది కనుక ఏ పేరు దేనికి పెట్టినా ఒకటేనని ముగిస్తుంది. ఇది వేదాంతం కాదు, ఆలస్యం. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టి ఒక్కటే సత్యమని, కుండ అనేది వాక్కును ఆశ్రయించిన పేరని బోధించాడు. అంతమాత్రాన కుండలో నీరు తేవలసినవాడు మూకుడు పట్టుకుని ఏటికి పోడు. వ్యవహారంలో ఉన్నంతకాలం వ్యవహార నియమం నిలుస్తుంది.

ఈ రెండింటికీ తోడు మూడవ ధోరణి ఒకటి ఉన్నది. రావికి రెలిజియోసా అని పేరుపెట్టారు కనుక పాశ్చాత్యులు దాని దైవత్వాన్ని అంగీకరించారని కొందరు సంతోషిస్తారు. ఆ విశేషణం జనులు ఆ వృక్షాన్ని పూజిస్తారనే లోకవ్యవహారాన్ని నమోదు చేసినది, అంతే. నాస్తికుడైన వృక్షశాస్త్రజ్ఞుడు కూడా ఆ పేరును నిత్యం ఉచ్చరిస్తాడు. అశ్వత్థం పట్ల శ్రద్ధకు ఆధారం గీత పదిహేనవ అధ్యాయంలోనూ కఠోపనిషత్తులోనూ ఉన్నది. దానికి లాటిన్ సాక్ష్యం అక్కరలేదు, ఉన్నా అది సాక్ష్యం కాదు.

నామాలు ఎట్లా కలుస్తాయి

ఒకే పేరు రెండు వస్తువులకు వచ్చే మార్గాలను న్యాయ, అలంకార శాస్త్రాలు విడదీసి చూపాయి. లాటిన్ జంటలు ఆ విభాగాలలో చక్కగా ఒదుగుతాయి.

మొదటి మార్గం గౌణం. బాలుని శౌర్యం చూసి సింహమన్నట్లు, సాదృశ్యం వలన ఒకదాని పేరు మరొకదానికి పోతుంది. నత్తగుల్ల అంజూరపు పండును పోలి ఉన్నది కనుక ఫైకస్ అయింది. ఇక్కడ ముఖ్యార్థం చెట్టుది, గౌణార్థం నత్తది. కాని కాలక్రమంలో ఆ గౌణార్థం తన సంహితలో ముఖ్యార్థమై కూర్చున్నది.

రెండవ మార్గం యౌగికం. అవయవార్థం రెండు వస్తువులకూ విడివిడిగా సరిపోతుంది. అరెనేరియా అంటే ఇసుకకు సంబంధించినది. ఇసుకతీరాన తిరిగే పక్షికీ చెల్లింది, ఇసుకలో మొలిచే మొక్కకూ చెల్లింది. క్లోరిస్ శబ్దానికి మూలం పచ్చదనం. పిట్టకూ తగింది, గడ్డికీ తగింది. ఒకరి నుండి మరొకరు అప్పు తీసుకోలేదు. సింధుదేశంలో పుట్టినది కనుక ఉప్పూ సైంధవమే, గుర్రమూ సైంధవమే అన్న ప్రాచీన దృష్టాంతం వంటిదే ఇది.

మూడవ మార్గం కేవల యాదృచ్ఛికం. మల్బరీకి మోరస్ అన్నది లాటిన్ భాషలోని పాతపేరు. పక్షికి మోరస్ అన్నది గ్రీకు భాషలో మూఢుడు అనే అర్థం గల శబ్దం నుండి వచ్చింది. మనుష్యులను చూసి బెదరకపోవడమే దాని మూఢత్వం. రెండు వేరువేరు మూలాల నుండి వచ్చిన రెండు శబ్దాలు ఒకే ధ్వనిని ధరించాయి. చెవికి ఒకటి, అర్థానికి రెండు.

ఈ విభాగం తెలిసినవాడు ఒక తప్పు చేయడు. పేర్లు కలిసినంత మాత్రాన వస్తువులు కలిసినట్లు భావించడు. ధ్వనిసామ్యం చూపి ఏ దేశపు దేవతనైనా ఏ దేశపు దేవతతోనైనా ముడిపెట్టే వ్యాసాలు నేడు విరివిగా ప్రచారంలో ఉన్నాయి. వాటి రచయితలు ఒక్కసారి మోరస్ కథ వినవలసి ఉన్నది. ధ్వని ఒక్కటి కావడం ప్రమాణం కాదు. అది విచారణకు ఆరంభం మాత్రమే.

గోదావరి తీరపు నామకరణం

లాటిన్ నామాల చరిత్ర తెలుగునేలకు పరాయిది కాదు. 1781లో సామర్లకోటకు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అక్కడ వృక్షవాటికను పెంచి, తీరదేశపు మొక్కలను చిత్రింపజేసి, వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్లాడు. 1795 నుండి వెలువడిన కోరమాండల్ తీరపు వృక్షాల గ్రంథంలో ఆ కృషి కనిపిస్తుంది. మేడికి ఆయన ఫైకస్ గ్లోమెరాటా అని పేరుపెట్టాడు. అదే వృక్షానికి లిన్నేయస్ 1753లోనే ఫైకస్ రాసిమోసా అని పేరుపెట్టి ఉన్నందున ముందరి పేరే నిలిచింది. దత్తాత్రేయుని సన్నిధిగా భక్తులు ప్రదక్షిణం చేసే ఔదుంబరం మాత్రం ఈ రెండు పేర్లకూ పూర్వం ఎట్లా ఉన్నదో, తరువాతా అట్లాగే ఉన్నది.

విశాఖపట్టణంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ 1796లో పాముల గ్రంథాన్నీ, 1803లో రెండువందల చేపల గ్రంథాన్నీ తెలుగు పేర్లతో ప్రకటించాడు. ఆయన విన్న ‘బంగారు పాము’ నుండే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఆయన నమోదు చేసిన కనగుర్త చేప నేటికీ రాస్ట్రెల్లిగర్ కనగుర్త. జాలరి నాలుకపై ఉన్న తెలుగు మాట ప్రపంచమంతటా శాస్త్రశబ్దమై తిరుగుతున్నది.

గోదావరిలో దీనికి విపర్యయం కూడా ఉన్నది. సముద్రంలో ఉన్నంతసేపు విలస అనిపించుకునే చేప వరదనీటికి ఎదురీది గోదావరిలో ప్రవేశించగానే పులస అవుతుంది. అక్కడ నామం ఒకటి, వస్తువులు రెండు. ఇక్కడ వస్తువు ఒకటి, నామాలు రెండు. నిడదవోలు సంగతీ ఇంతే. శాసనాలలో నిరవద్యపురం, జనవ్యవహారంలో నిడదవోలు. కాకతి రుద్రమదేవి భర్త చాళుక్య వీరభద్రుడు ఏ పురం వాడని అడిగితే చరిత్రకారుడు నిరవద్యపురమంటాడు, రైలు ప్రయాణికుడు నిడదవోలంటాడు. ఊరు ఒక్కటే. నిరవద్యం అంటే దోషరహితం. నామం దోషరహితం కావడానికి కావలసినది ఏమిటో తెలుసుకోవడమే ఇక్కడి ప్రశ్న.

ఉపేక్షించరాని చోటు

నామసాంకర్యం పండితుల వినోదం మాత్రమే అయితే ఇంత విచారణ అనవసరం. తెలుగు ఇంటి పెరటిలోనే దాని తీవ్రత కనిపిస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు అనే నాలుగు మొక్కలు దేవతార్చనకు పూలిస్తాయి. నాలుగింటికీ ఉత్తరపదం ఒకటే, కుటుంబం ఒకటే, ప్రజాతులు మాత్రం నాలుగు. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుండి వచ్చిన మొక్క. దాని నుండి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉన్నాయి. మధుమేహానికి దాని ఆకు మంచిదనే మాట జనంలో వినిపిస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు హృదయస్పందనను ఆపగల విషాలు. మంచిచెడులు వైద్యుని అడగకుండా, ‘గన్నేరాకు’ అని సగం విని కషాయం కాచినవానికి పూర్వపదం ఒక్కటి జారిపోవడం ప్రాణమే జారిపోవడం కావచ్చు. నామం మిథ్య అన్న వేదాంతి కూడా ఆ కషాయం వల్ల మరణిస్తాడు.

ఆయుర్వేద నిఘంటువులలోనూ ఇదే పరీక్ష. అమృతా అనే నామం తిప్పతీగకూ, కరక్కాయకూ, ఉసిరికకూ చెప్పబడింది. శంఖపుష్పి అనే పేరుతో దేశంలో వేరువేరు ప్రాంతాలవారు వేరువేరు మొక్కలను గ్రహిస్తున్నారు. కొందరికి అది విష్ణుక్రాంత, కొందరికి నీలిరంగు శంఖుపూల తీగ. అందుకే భారత ఆయుర్వేద ఫార్మకోపియా ప్రతి ఓషధికీ సంస్కృత నామంతో పాటు లాటిన్ ద్వినామాన్ని నిర్దేశించి, శంఖపుష్పిని కాన్వాల్వ్యులస్ ప్లూరికాలిస్ అని నిర్ణయించింది. ఇక్కడ లాటిన్ నామం సంస్కృతానికి శత్రువు కాదు, సహాయకం. వినాయకచవితి నాడు ఇరవై ఒక్క పత్రాల పేర్లు తప్పు లేకుండా చదివి, బజారులో కట్టగా అమ్మిన ఏదో ఆకును సమర్పించే గృహస్థునికి కూడా ఈ సహాయం అవసరమే. మంత్రంలో ఒక పత్రం, చేతిలో మరొకటి ఉంటే శ్రద్ధ ఉన్నదనవచ్చు గాని, శ్రద్ధకు తోడుగా ఉండవలసిన ఎరుక లేదు. పైగా ఆ పత్రాలలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. పిల్లల చేతికి అందే ఆకు ఏదో తెలిసి ఉండడం గృహధర్మం.

సిద్ధాంతం

నామం ఒంటరిగా నిలువదు. దానికి ఆశ్రయం కావాలి. ఇదే సిద్ధాంతం.

శాస్త్రజ్ఞులు ఆ ఆశ్రయాన్ని ఇట్లా కల్పించారు. ఫైకస్ వేరియెగేటా అన్న తరువాత బ్లూమ్ అని చేర్చితే చెట్టు, రోడింగ్, 1798 అని చేర్చితే నత్త. పేరుపెట్టినవాడు ఎవరు, ఎప్పుడు పెట్టాడు అన్నవి పేరుకు రక్ష. నిత్యకర్మ చేసే గృహస్థునికి ఇది కొత్త కాదు. సంకల్పంలో అతడు తన నామం ఒక్కటే చెప్పి ఊరుకోడు. జంబూద్వీపం, భరతఖండం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్యదేశం, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ గోత్రం అన్నీ చెప్పి, ఆ తరువాతనే నామం చెబుతాడు. నిడదవోలులో సుబ్రహ్మణ్యం పేరు గలవారు ఎందరో ఉండవచ్చు. కృష్ణా గోదావరుల నడుమ, ఆ తిథి నాడు, ఆ గోత్రంలో, ఆ పీటపై కూర్చున్న సుబ్రహ్మణ్యం ఒక్కడే. నామానికి దేశం, కాలం, వంశం తోడైనప్పుడే కర్తృత్వం నిశ్చయమవుతుంది. గోదావరి గ్రామాలలో సత్తెమ్మ పేరుతో దేవతలు పలుచోట్ల ఉన్నారు. నిడదవోలు చెంత తిమ్మరాజుపాలెంలోని తల్లిని కోట సత్తెమ్మ అంటారు. ‘కోట’ అన్న ఒక్క విశేషణంతో భక్తుని అడుగు దారి తప్పదు.

వ్యాకరణ శాస్త్రం ఈ రహస్యాన్ని సమగ్రంగా చెప్పింది. అనేకార్థక శబ్దానికి ఒక సందర్భంలో ఏ అర్థమో నిర్ణయించే సాధనాలను భర్తృహరి వాక్యపదీయం ద్వితీయకాండలో పరిగణించాడు. సాహచర్యం, విరోధం, ప్రకరణం, లింగం, ఔచిత్యం, దేశం, కాలం మొదలైనవి అందులో ఉన్నాయి. భోజనవేళ సైంధవం తెమ్మంటే ఉప్పు, ప్రయాణవేళ తెమ్మంటే గుర్రం. శంఖచక్రాలతో కూడిన హరి విష్ణువు; అడవిలో గర్జించే హరి సింహం. ఆకు, కాయ, వేరు గురించి చెబుతుంటే ఫైకస్ చెట్టు. గుల్ల, ఇసుక, అల గురించి చెబుతుంటే ఫైకస్ నత్త. అర్థం పదంలో మాత్రమే లేదు, పదం నిలిచిన చోటులో ఉన్నది.

వేదాంతమీమాంస తొలి అధ్యాయంలో అధికభాగం ఈ పనే చేస్తున్నది. ఉపనిషత్తులో ఆకాశమన్నప్పుడు అది పంచభూతాలలోని ఆకాశమా, బ్రహ్మమా? ప్రాణమన్నప్పుడు అది శ్వాసా, బ్రహ్మమా? జ్యోతి అన్నప్పుడు అది కంటికి కనిపించే వెలుగా, బ్రహ్మమా? బ్రహ్మసూత్రకారుడు పేరును పట్టుకుని తీర్పు చెప్పలేదు. సర్వభూతాలూ దాని నుండే పుడుతున్నాయా, దానిలోనే లీనమవుతున్నాయా అని లక్షణాలు పరీక్షించాడు. అవి బ్రహ్మకు మాత్రమే చెల్లుతాయి కనుక అక్కడి ఆకాశం బ్రహ్మమేనని నిర్ణయించాడు. నామం కంటె లక్షణం బలవత్తరమని ఆ అధికరణాల సారం. ఒక మొక్కను చేతిలోకి తీసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు కూడా పేరుచీటీని నమ్మడు. ఆకు అమరిక, పూవు నిర్మాణం చూస్తాడు. మేడిపండును విప్పి చూడాలన్నది తెలుగువారికి తెలిసిన హితవే.

అహం అనే శబ్దం

ఈ విచారమంతా ఒక్క శబ్దం వద్దకు చేరకపోతే సాధకునికి దీనివలన ప్రయోజనం స్వల్పం. ఆ శబ్దం ‘నేను’.

లోకంలో అత్యధికంగా ఉచ్చరింపబడే అనేకార్థక శబ్దం ఇదే. ‘నేను లావయ్యాను’ అన్నప్పుడు అది దేహం. ‘నేను దుఃఖించాను’ అన్నప్పుడు అది మనస్సు. ‘నేను సుఖంగా నిద్రించాను’ అన్నప్పుడు దేహమూ లేదు, మనస్సూ లేదు. అయినా ఆ నిద్రకు సాక్షి ఒకటి ఉన్నది. మూడింటికీ ఒకే పేరు. ఇవాళ్టి నేను, పుట్టినప్పటి నేను, మరణించనున్న నేను, ఎన్నడూ మరణించని నేను, అన్నిటికీ ఒకే పేరు. అశ్వత్థమనే పేరు వినగానే సముద్రపు అడుగుకు పోయి వెతకనివాడు కూడా, నేను అనే పేరు వినగానే చర్మం అడుగున వెతుకుతున్నాడు.

ఇక్కడ దృష్టాంతానికి ఉన్న హద్దును కూడా గుర్తించాలి. చెట్టూ నత్తా రెండూ సమానంగా ఉన్న వస్తువులు. ఒకటి మరొకదానిపై ఆధారపడలేదు. ఆత్మకూ అహంకారానికీ అట్లా కాదు. ఒకటి అధిష్ఠానం, రెండవది దానిపై అధ్యస్తం. తాడు లేనిదే తాడుపై పాము లేదు. కనుక ‘నేను’ అనే శబ్దంలో ఉన్నది రెండు సంహితల స్వాతంత్ర్యం కాదు. ఒక సత్యంపై ఒక భ్రాంతి తన పేరు రాసుకోవడం. తత్త్వమసి మహావాక్యాన్ని విచారించే ఆచార్యులు వాచ్యార్థాలలోని విరుద్ధాంశాలను విడిచి లక్ష్యార్థాన్ని గ్రహించమన్నది అందుకే. అది పదాన్ని తుడిచివేయడం కాదు. పదం ఏ ప్రకరణంలో ఉన్నదో తెలుసుకుని, తగిన అర్థాన్ని గ్రహించడం.

సనత్కుమారుని ఆశ్రయించిన నారదుడు తాను చదివిన విద్యలన్నీ ఏకరువు పెట్టాడు. వేదాలు, ఇతిహాసపురాణాలు, గణితం, నక్షత్రవిద్య, సర్పవిద్య సైతం అందులో ఉన్నాయి. అవన్నీ నామమే అని సనత్కుమారుడు చెప్పాడు. గమనించవలసినది తరువాతి మాట. ఆయన నామాన్ని పారవేయమనలేదు. ముందు నామాన్ని బ్రహ్మభావంతో ఉపాసించమన్నాడు. ఆ తరువాత నామం కంటె గొప్పది వాక్కు అని, వాక్కు కంటె గొప్పది మనస్సు అని, మెట్టు మెట్టుగా భూమా వరకు నడిపించాడు. మొదటి మెట్టును తన్నివేసినవాడు రెండవ మెట్టు ఎక్కలేడు. మొదటి మెట్టుపైనే కూర్చుండిపోయినవాడూ ఎక్కలేడు.

కనుక సాధకునికి కర్తవ్యం రెండు విధాలు. వ్యవహారంలో నామం పట్ల జాగరూకత: పత్రి కోసేటప్పుడు, ఓషధి కొనేటప్పుడు, శాస్త్రవాక్యం ఉదాహరించేటప్పుడు, పేరుతో పాటు లక్షణాన్నీ దేశాన్నీ ప్రకరణాన్నీ విచారించడం. పరమార్థంలో నామం పట్ల అసంగత్వం: హరి పేరు గొప్పదా, హరుని పేరు గొప్పదా అనే కలహాన్ని విడిచి, ఆ పేర్లు లక్షించే వస్తువును అన్వేషించడం. మొదటిది లేని రెండవది ప్రమాదం. రెండవది లేని మొదటిది పాండిత్యం మాత్రమే.

గుడి ఆవరణలోని రావికి ఫైకస్ రెలిజియోసా అని పలక తగిలించడం మంచిదే. ఆ పలక కింద నిలిచి అశ్వత్థమంటే రేపటికి నిలువనిదని భాష్యకారుడు చెప్పిన అర్థాన్ని స్మరించడం మరింత మంచిది. ఆ సంసారవృక్షానికి లాటిన్ పేరు లేదు. దానిని ఛేదించే అసంగమనే శస్త్రానికి ఏ భాషలో ఏ పేరు పెట్టినా పదును ఒక్కటే.

ఓం తత్ సత్